కల్లు, సారా, లిక్యూర్: నాంపల్లిలో ఎదురైన ఒక ప్రశ్న

ఒక సాహిత్య సభ కోసం మేం నలుగురం హైదరాబాద్ వచ్చాం. ఇద్దరం ఆశ్రమ పాఠశాల టీచర్లం, ఇద్దరు డిగ్రీ చదువుతున్న పిల్లలు. ఆ రోజు ఆదివారం. సభ సాయంత్రం కాబట్టి నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ దాకా నడుచుకుంటూ పోయాం. ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. తలా రెండు పుస్తకాలు కొనుక్కుని తిరిగి వస్తుంటే దారిలో ఒక పెద్ద మద్యం దుకాణం కనిపించింది. అద్దాల వెనక ఆకుపచ్చ, పసుపు, కాఫీ రంగుల్లో సీసాలు వరుసగా పెట్టారు. పిల్లల్లో ఒకడు ఆగి, సీసా మీది పేరు కూడబలుక్కుని చదివాడు.

"సార్, లిక్కర్ అంటే తెలుసు. ఈ లిక్యూర్ అంటే ఏంది? బస్తా ఇప్పపువ్వు అమ్మినా ఈ ఒక్క సీసా రాదు కదా సార్!"

రెండోవాడు ఇంకో మాట అన్నాడు. "మా తాత సారా కాస్తే పోలీసులొచ్చి కుండలు పగలగొట్టిన్రు. ఇక్కడ అద్దాల్లో పెట్టి అమ్ముతున్నరు."

ఆ రెండు మాటలకూ అక్కడ నిలబడి చెప్పగలిగినంత చెప్పాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే సగమే చెప్పామనిపించింది. మొదటిది పదార్థం గురించిన ప్రశ్న. రెండోది చరిత్ర గురించినది. మన పిల్లలకు రెండూ తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం. తాగమని చెప్పడానికి కాదు. మన ఇంట్లో పుట్టిన వస్తువుకు పేరు ఎవరు పెట్టారో, నేరం అని ఎవరు రాశారో తెలుసుకోవడానికి.

పులిసింది, కాచింది, కలిపింది

మత్తు పానీయాలన్నీ మొదట పులియడంతోనే పుడతాయి. తీపి ఉన్న రసంలో గాలిలోని, పువ్వు మీది ఈస్టు చేరి తీపిని తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. తాటికల్లు, ఈతకల్లు, జీలుగుకల్లు ఇలా పుట్టినవే. ద్రాక్షతో చేసే వైను, బార్లీతో చేసే బీరు కూడా ఈ తరగతివే. పులిసిన దానిలో ఆల్కహాల్ ఒక హద్దు దాటదు. ఎక్కువైతే ఆ ఈస్టే బతకలేదు. అందుకే బీరు సుమారు 5 శాతం, వైను 12 శాతం దగ్గర ఉంటాయి.

రెండో మెట్టు కాచడం. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. పులిసిన ద్రవాన్ని కాచి, ఆ ఆవిరిని పట్టి చల్లారిస్తే ఘాటైన ద్రవం చుక్కలు చుక్కలుగా దిగుతుంది. దాన్నే ఇంగ్లిషువాళ్లు స్పిరిట్ అంటారు. అరబ్బీలో 'అరక్' అంటే చెమట. కుండ మూతకు చెమట పట్టినట్టు ఆవిరి చుక్కకడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ మాటే ఇంగ్లిషులో 'అరాక్' అయింది. విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్ను, వోడ్కా అన్నీ ఇలా కాచినవే. ధాన్యం కాస్తే విస్కీ, ద్రాక్ష వైను కాస్తే బ్రాందీ, చెరకు రసమో మడ్డో కాస్తే రమ్ము. మన దేశంలో అమ్మే ఈ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని రాసి ఉంటుంది.

మన ఇప్పసారా ఈ రెండో మెట్టులోనిదే. ఎండిన ఇప్పపువ్వును నీళ్లలో నానేసి కొన్ని రోజులు పులియబెడతారు. ఆ కుండను పొయ్యి మీద పెట్టి, పైన ఇంకో కుండ బోర్లించి, వెదురు గొట్టం గుండా ఆవిరిని చల్లటి నీళ్లలో ఉన్న కుండలోకి దించుతారు. ఫ్రాన్సులో రాగి పాత్రలో జరిగేది, మన ఊరి వాగు ఒడ్డున మట్టికుండలో జరిగేది ఒకే పని. శాస్త్రం ఒకటే.

మూడో మెట్టు లిక్యూర్. కాచిన సారాకు తీపి కలిపి, ఆకులో వేర్లో పండ్లో పువ్వులో గింజలో వాసన పట్టిస్తే అది లిక్యూర్. లాటిన్‌లో కరగడం, ద్రవం కావడం అనే అర్థం ఉన్న మాట నుంచి ఈ పేరు పుట్టింది. లిక్కర్ అన్న మాటకూ మూలం అదే. కానీ లిక్కర్ అంటే మద్యం అంతా, లిక్యూర్ అంటే తీపి, వాసన కలిపిన సారా మాత్రమే. యూరప్ దేశాల నియమం ప్రకారం లిక్యూర్ అనాలంటే లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర ఉండాలి, ఆల్కహాల్ 15 శాతానికి తగ్గకూడదు.

వాసన పట్టించే దారులు మూడు నాలుగున్నాయి. మూలికలను సారాలో రోజుల తరబడి నానబెట్టడం ఒకటి. మూలికలతో సహా మళ్లీ కాచడం ఇంకొకటి. కాఫీ వడగట్టినట్టు సారాను మూలికల గుండా పోయనివ్వడం మరొకటి. తయారుగా దొరికే ఎసెన్సు కలిపేయడం చవక దారి. నారింజ తొక్కలతో, కాఫీ గింజలతో, పాలమీగడతో చేసేవి కూడా లిక్యూర్లే.

ఇక్కడ పిల్లలకు ఒక హెచ్చరిక. తియ్యగా ఉందని అది తేలిక మద్యం అనుకోకండి. మీగడ లిక్యూర్ 17 శాతం దగ్గర ఉంటుంది. కానీ ఫ్రాన్సులోని ఆకుపచ్చ షార్త్రూజ్ 55 శాతం, అంటే విస్కీ కన్నా ఘాటు. తీపి నాలుకను మోసం చేస్తుంది, అంతే.

సన్యాసుల మందు, తాతల మందు

లిక్యూర్లు మొదట మందులుగా పుట్టాయి. షార్త్రూజ్ కథ చూడండి. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మధ్య ఒక క్రైస్తవ మఠం ఉంది. 1605లో ఆ సంప్రదాయపు సన్యాసులకు ఒక మూలికల మందు రాత ప్రతి దొరికింది. దాని మీద పనిచేసి 1737లో మందు తయారు చేశారు. 130 మొక్కలు కలిసే ఆ మందు నుంచే లిక్యూర్ వచ్చింది. తయారీ విధానం ఇప్పటికీ గుట్టే. 1903లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆ సన్యాసులను వెళ్లగొట్టి ఆస్తులు స్వాధీనం చేసుకుంది. వాళ్లు స్పెయిన్‌లోని తర్రగోనా వెళ్లి అక్కడ తయారు చేశారు. సర్కారు చేతికి బట్టీలు చిక్కాయి గాని విద్య చిక్కలేదు. కొండల్లో బతికే ఒక చిన్న సమూహం తన మూలికల విద్యను కాపాడుకుంది కాబట్టే ఆ సీసాకు ఈ రోజు ఆ ధర.

మన పెద్దలకూ మూలికల విద్య ఉంది. కొన్ని వేర్లను ఇప్పసారాలో నానేసి నొప్పులకు రాసిన తాతలను మేం చూశాం. ఆయుర్వేదంలో ఇప్పపువ్వుతో చేసే మధూకాసవం ఉంది. సంస్కృతంలో ఇప్పకు మధూకం అని పేరు. ఆసవం అంటే పులియబెట్టిందే, కాచింది కాదు. కాబట్టి అది లిక్యూర్ కన్నా వైనుకు దగ్గర. ఇలా తేడా తెలిసి మాట్లాడటం అవసరం. లేకపోతే కల్లు, సారా, గుడుంబా, మందు అన్నీ ఒకటే అనేవాళ్ల ముందు మనకు మాట ఉండదు.

గుడుంబాను కూడా విడిగా చెప్పుకోవాలి. అది నల్లబెల్లంతో కాచేది, వ్యాపారానికి కాచేది. త్వరగా పులియాలనీ, ఘాటు రావాలనీ పటిక, ఇంకా ఏవేవో కలిపిన గుడుంబా ఎన్నో కాపురాలు కూల్చింది. దాన్నీ ఇప్పసారానూ ఒకే పేరుతో పిలవడం తప్పు. అలాగని ఇప్పసారా హాని చేయదని కూడా మేం అనం. రోజూ తాగితే ఏ సారా అయినా కాలేయాన్ని తింటుంది.

ఇప్పచెట్టు లెక్క

తెలుగులో ఇప్ప, కన్నడంలో ఇప్పె, తమిళంలో ఇలుప్పై, గోండిలో ఇరుప్. ఒకే మాట ఇన్ని నోళ్లలో ఉందంటే, ఈ భాషలు విడిపోక ముందే ఈ చెట్టు మన పెద్దలకు తెలుసన్నమాట. మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. పొద్దు పొడవక ముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్టు కిందికి పోతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. కరువు రోజుల్లో అది తిండి. గింజ నూనె వంటకూ దీపానికీ. పశువులకు దాణా. చివరి వరుసలో వచ్చేది సారా. బయటివాళ్లు ఆ చివరిదాన్నే చూసి ఇప్పచెట్టును సారాచెట్టు చేశారు.

పుట్టుకకు, పెళ్లికి, చావుకు నేల మీద నాలుగు చుక్కలు వదలనిదే మన పెద్దల కార్యం జరగదు. గోండుల పెర్సాపేన్ పూజల్లో సారా ధారపోయడం గురించి హైమెన్‌డార్ఫ్ వివరంగా రాశాడు. ముందు దేవరకు, తర్వాత చచ్చిపోయిన పెద్దలకు, ఆ తర్వాతే మనుషులకు. అంటే తాగడానికి ఒక వేళ, ఒక హద్దు, ఒక సాక్షి ఉండేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆబ్కారీ వచ్చింది

ఇప్పుడు రెండో పిల్లవాడి ప్రశ్న. తాత కుండ ఎప్పటి నుంచి నేరమైంది?

ఆబ్కారీ పారశీక మాట. 'ఆబ్' అంటే నీళ్లు, 'కారీ' అంటే పని. పేరు నీటిపని, అసలు పని పన్ను. బ్రిటిషువాళ్ల పాలనలో కల్లు, సారా మీద హక్కు సర్కారుదైంది. ఆ హక్కును వేలం పాడి గుత్తేదారుకు ఇచ్చేవాళ్లు. గుత్తేదారు లాభపడాలంటే ఊళ్లో ఎవరూ ఇంట్లో కాచుకోకూడదు, తన దగ్గరే కొనాలి. నేరం అక్కడ పుట్టింది. ఆరోగ్యం కోసం పెట్టిన చట్టం కాదది, రాబడి కోసం పెట్టిన చట్టం.

దానికి మొదట తిరగబడ్డవాళ్లలో మనవాళ్లున్నారు. గోదావరి ఏజెన్సీలోని రంపలో కొండరెడ్లు, కోయలు ఇంటి అవసరానికి కల్లు గీసుకునేవాళ్లు. మద్రాసు సర్కారు ఆబ్కారీ నియమాలు దాన్ని ఆపి, గీత హక్కును గుత్తకిచ్చాయి. పైన మన్సబుదారు చిగురుపన్ను. కింద పోలీసుల దోపిడీ. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో మంట లేచింది. ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకులు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. తిరుగుబాటు భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. అణచడానికి మద్రాసు దళాలు చాలక, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా పదాతిదళాన్ని పంపారు. అల్లూరి సీతారామరాజు పోరాటానికి 40 ఏళ్ల ముందటి మాట ఇది. బడిలో మనం రంప పితూరీ చెప్పేటప్పుడు తారీఖులు చెబుతాం. ఒక కల్లుకుండ మీద పన్ను దాకా పోయి చెప్పం.

బొంబాయి రాష్ట్రంలో ఇంకో అడుగు ముందుకేశారు. 1892లో ఇప్పపువ్వు మీదే చట్టం చేశారు. కొంకణ జిల్లాల్లో పువ్వు దాచుకోవడానికి, అమ్మడానికి హద్దులు పెట్టారు. సారా సంగతి తర్వాత, పువ్వునే అనుమానించారు. తిండిగింజ లేని ఇంట్లో ఆ పువ్వే కూడు అన్న సంగతి చట్టానికి పట్టలేదు.

నిజాం సంస్థానం కూడా ఇదే దారి పట్టింది. 1316 ఫసలీలో, అంటే 1906-07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. నాంపల్లి రైల్వే స్టేషన్ కట్టింది 1907లో. ఆబిడ్స్ పేరు కూడా ఆ కాలానిదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ పెట్టిన అంగడి పేరు మీద ఆ ప్రాంతం ఆబిడ్స్ అయింది. ఆ అంగట్లో దొరికేవి సీమ సరుకులు. ఇంచుమించు ఒకే కాలంలో పట్నానికి రైలు స్టేషన్, షోకు అంగడి వచ్చాయి. అడవికి ఆబ్కారీ చట్టం వచ్చింది. సంస్థానం రాబడిలో ఆబ్కారీది పెద్ద వాటా. ఆ రాబడిలో మన ఇప్పపువ్వు చెమట కూడా ఉంది.

ఆదిలాబాద్ అడవుల్లో ఆబ్కారీ ఒక్కటే కాదు, అటవీ జవాన్లు, పట్వారీలు, షావుకార్లు కలిసి మీదపడ్డారు. భూమి పోయింది, అడవి మూసేశారు, మేతకు పన్ను వేశారు. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు గోండుల బతుకు తెలుసుకోమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. భీం పోరాటాన్ని సారా పోరాటమని మేం చెప్పడం లేదు. జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు జంగల్‌లో ఇప్పచెట్టు కూడా ఉందని మాత్రం చెబుతున్నాం.

నాంపల్లిలో ఇప్పటికీ ఆబ్కారీ భవన్ ఉంది. ఎక్సైజ్ శాఖ పెద్ద కార్యాలయం అదే. రాజులు మారారు, ఆబ్కారీ అన్న మాట మారలేదు.

అక్కల పోరాటం మరిచిపోవద్దు

స్వాతంత్ర్యం వచ్చాక 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం పాత చట్టాల స్థానంలో వచ్చింది. లైసెన్సు లేకుండా కాస్తే నేరం అన్నది కొనసాగింది. 1970ల నడుమ కేంద్ర ప్రభుత్వం ఆదివాసీ ప్రాంతాల ఎక్సైజ్ విధానం మీద రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. ఆదివాసీ ప్రాంతాల్లో గుత్తేదారుల మద్యం దుకాణాలు ఎత్తేయాలనీ, ఇంటి వాడకానికి సంప్రదాయ పానీయం తయారుచేసుకోనివ్వాలనీ వాటి సారం. కాగితం మీది మాట ఊరి దాకా ఎంత వచ్చిందో మీ ఊరి పెద్దలను అడిగి చూడండి.

ఇంకో వైపు కూడా చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా అమ్మకం నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ అక్కలు పోరాడింది గుత్తేదారు ప్యాకెట్ సారా మీద, దాని వెనకున్న వ్యాపారం మీద. ఆ పోరాటానికి మేం దండం పెడతాం. కానీ తర్వాత ఏమైంది? చవక సారా పోయింది, ఖరీదైన సీసా మిగిలింది. మన గూడేల్లో ఇంటి కుండ నేరమైంది, కిరాణా కొట్టు పక్కన బెల్టు షాపు మాత్రం నడుస్తోంది.

వారసత్వం అన్న ముద్ర ఎవరికి?

ఇక్కడికి వచ్చాక ఆబిడ్స్ అద్దాల్లోని సీసాను మళ్లీ చూద్దాం. రాజస్థాన్‌లో రాజపుత్ర కోటల్లో కుంకుమపువ్వు, కస్తూరి, సుగంధ దినుసులు వేసి చేసుకున్న పానీయాలను అక్కడి ప్రభుత్వం వారసత్వ మద్యం అని పేరు పెట్టి తయారుచేసి అమ్మింది. అవి నిజంగా లిక్యూర్ల తరగతివే. గోవా జీడిపండు ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా దాన్ని తమ వారసత్వ పానీయంగా ప్రకటించింది. రాజు ఇంట్లో కాచింది వారసత్వం, ఆదివాసీ ఇంట్లో కాచింది కేసు.

ఆ గీత ఇప్పుడు కొంత జరుగుతోంది. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మనిస్తామని ప్రకటించి, ఆలీరాజ్‌పూర్ భీళ్లు, డిండోరి గోండుల సంఘాలతో తయారీ మొదలుపెట్టింది. దానికి ముందే, 2018లో, మన చిత్తూరు జిల్లాలో బట్టీ ఉన్న ఒక కంపెనీ ఇప్పపువ్వుతో రెండు సీసాలు గోవా బజారులోకి తెచ్చింది. ఒకటి ఇప్ప స్పిరిట్, రెండోది ఇప్ప లిక్యూర్. పువ్వు అదే. కాచే శాస్త్రం అదే. లైసెన్సు, సీసా, తీపి చేరగానే దర్జా వచ్చింది.

ఆ కంపెనీని మేం తప్పు పట్టడం లేదు. ఇప్పపువ్వుకు గౌరవం రావడం మంచిదే. మా ప్రశ్న వేరు. పువ్వు ఏరిన చేతికి కిలో లెక్కన సంత ధర, సీసా నింపిన చేతికి వేల రూపాయలు వస్తుంటే, నడుమ ఉన్న విద్య ఎవరిది? షార్త్రూజ్ సన్యాసులు తమ విద్యను తమ చేతిలో ఉంచుకున్నారు. మన విద్యను నేరమని పిలిచి మనతోనే మరిపించి, తర్వాత దాన్ని బయటివాళ్లు కొత్తగా కనిపెట్టినట్టు అమ్మితే నష్టం ఎవరికి?

సాక్షి మన గ్రామసభే

యువకులారా, టీచర్లారా, చేతిలో ఏమీ లేదని అనుకోవద్దు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాలను నిషేధించే, అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీలకూ ఉండాలని చెప్పింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమూ అందులోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు ఏరుకునే, అమ్ముకునే హక్కును గట్టి చేసింది. అంటే బెల్టు షాపు వద్దనే మాటకూ, ఇప్పపువ్వు మాదే అనే మాటకూ చట్టంలో చోటుంది. ఆ రెండు మాటలూ ఒకే నోటితో అనగలగాలి.

ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే కాదని చూపే పని కూడా మొదలైంది. ఉట్నూరు వైపు మన అక్కచెల్లెళ్లు సంఘంగా ఏర్పడి ఇప్పలడ్డూలు చేస్తున్నారు. కరువు తిండి అన్న పేరు పోయి బలమైన తిండి అన్న పేరు వస్తోంది. ఇది మంచి దారి.

బడిలో మేం చేస్తున్న చిన్న పని ఒకటి చెబుతాం. పులియడం, ఆవిరి కావడం, చల్లబడటం అనే పాఠం వచ్చినప్పుడు విస్కీ బొమ్మ గీయం. ఇప్పపువ్వు, కుండ, వెదురు గొట్టం గీస్తాం. 78 డిగ్రీలు, 100 డిగ్రీలు పక్కన రాస్తాం. పిల్లలు సిగ్గుపడుతూ నవ్వుతారు. తర్వాత "ఇది మా అవ్వకు తెలుసు సార్" అంటారు. ఆ మాట వచ్చిన రోజే రంప పాఠం కూడా చెబుతాం. అదే రోజు సారా కాలేయాన్ని ఏం చేస్తుందో కూడా చెబుతాం. మూడూ కలిపి చెప్తేనే పాఠం పూర్తవుతుంది.

ఆ సాయంత్రం సభ అయ్యాక నాంపల్లి స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు, కుండలు పగిలిన ఇంటి పిల్లవాడు అడిగాడు. "అయితే మా తాత దొంగ కాదా సార్?"

కాదు. మీ తాత దేవర ముందు, పెద్దల ముందు, ఊరి సాక్షిగా వేళకు తాగిన మనిషి. ఆ హద్దు పోయి, సాక్షి పోయి, వేలంపాట వచ్చిన రోజు నుంచి మనకు నష్టం మొదలైంది. లిక్యూర్‌కూ సారాకూ తేడా లీటరుకు 100 గ్రాముల చక్కెర. మీ తాతకూ ఆ అద్దాల దుకాణానికీ తేడా ఒక లైసెన్సు కాగితం. మొదటి తేడా సైన్సు పుస్తకంలో దొరుకుతుంది. రెండోది మన చరిత్రలో ఉంది, దాన్ని మనమే రాసుకోవాలి.